కతోలిక సామాజిక చింతనలో దానభావన – శాంతినిర్మాణం: మొజాంబిక్ అనుభవం వెలుగులో ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

రెండో ప్రపంచయుద్ధానంతర కతోలిక సామాజిక చింతన శాంతిని న్యాయంతోనూ ప్రేమతోనూ ముడిపెట్టి చూసింది. 2009లో వెలువడిన 'కారితాస్ ఇన్ వెరితాతే' ఆ ప్రేమకు 'ప్రతిఫలం కోరని దానం' అనే రూపమిచ్చి, ఆర్థిక, రాజకీయ జీవితాల్లో దానికి చోటుండాలని వాదించింది. ఈ వాదాన్ని మార్సెల్ మోస్ మొదలైన మానవశాస్త్రవేత్తల దానసిద్ధాంతాల వెలుగులోను, 1992 నాటి మొజాంబిక్ శాంతి ఒప్పందం, దాని తదనంతర పరిణామాల ఆధారంగాను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రతిఫలం కోరకపోవడం, ప్రతిదానానికి చోటివ్వకపోవడం అనేవి రెండూ ఒకటి కావనీ, ఈ తేడాను బోధనాలేఖలు తగినంత స్పష్టంగా గుర్తించలేదనీ, శాంతి నిలవడానికి ఈ తేడాయే కీలకమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దానం, ప్రతిదానం, నిర్హేతుకత, కతోలిక సామాజిక చింతన, శాంతినిర్మాణం, మొజాంబిక్, క్షమాభిక్ష.

1. ఉపోద్ఘాతం:

యుద్ధం ఆగడం వేరు, శాంతి నెలకొనడం వేరు. శాంతిని కేవలం యుద్ధాభావంగా చూడకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లో వెలువరించిన 'గౌదియుమ్ ఎత్ స్పెస్' పత్రం స్పష్టంచేసింది. అప్పటినుంచి కతోలిక సామాజిక చింతన ఎదుర్కొంటున్న ప్రశ్న ఒకటుంది. నిన్నటిదాకా ఒకరినొకరు చంపుకున్నవారి మధ్య తిరిగి సంబంధం ఎలా ఏర్పడుతుంది? ఒప్పందపత్రం హక్కులను పంచగలదు, సరిహద్దులను గీయగలదు. ఎదుటివాడిని నమ్మే తొలి అడుగును మాత్రం ఏ షరతూ పుట్టించలేదు. ఎవరో ఒకరు ముందుగా, హామీ లేకుండా ఆ అడుగు వేయాలి. ఆ తొలి అడుగునే ఈ చింతన 'దానం' అనే భావనతో వివరిస్తుంది.

ఈ వివరణ ఆకర్షణీయమైనదే. అయితే దానం ఎప్పుడూ అమాయకం కాదు. ఇచ్చే చేయి పైన, పుచ్చుకునే చేయి కింద ఉంటాయి. ఈ ఎత్తుపల్లాలు శాంతిని ఏంచేస్తాయన్నది ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

2. పరిభాష:

ఈ చర్చను తెలుగులో చేయబూనినప్పుడు మొదటి చిక్కు పరిభాషతోనే వస్తుంది. తెలుగులో 'దానం' అన్నప్పుడు దాతకు పుణ్యం, గ్రహీతకు పాత్రత అనే రెండు భావాలు వెంట వస్తాయి. 'కానుక'లో గౌరవం, సమర్పణ ఉన్నాయి. చర్చిలో సమర్పించేదీ కానుకే. 'చదివింపులు' పూర్తిగా పరస్పరమైనవి. పెళ్ళిలో ఎవరు ఎంత చదివించారో పుస్తకంలో రాసుకుంటారు. వారింట శుభకార్యం జరిగినప్పుడు ఆ లెక్క చూసి తిరిగి చదివిస్తారు. వ్రతాల్లో ఇచ్చిపుచ్చుకునే 'వాయనం' విషయంలో ఇచ్చినట్టూ పుచ్చుకున్నట్టూ ఇద్దరూ పైకి పలకడం ఆచారం. 'ఉచితం' అనే మాటకు నేటి రాజకీయ వాడుకలో నైతికస్థాయి బాగా తగ్గిపోయింది.

బోధనాలేఖల్లోని మూలభావన వీటిలో దేనికీ అచ్చంగా సరిపోదు. అర్హతను చూడకుండా, కారణం లేకుండా, తిరిగి రావాలన్న లెక్క లేకుండా ఇవ్వడం దాని సారం. శ్రీవైష్ణవ సంప్రదాయంలోని 'నిర్హేతుక కృప' అనే మాట ఈ భావానికి దగ్గరగా ఉంది. అందువల్ల ఈ వ్యాసంలో ఆ గుణానికి 'నిర్హేతుకత' అనే మాటను వాడడం జరిగింది. రెండు సంప్రదాయాల దైవభావనలు ఒకటేనని దీని అర్థం కాదు. ఇది పరిభాషాసౌలభ్యం కోసం చేసుకున్న ఎంపిక మాత్రమే.

3. బోధనాలేఖల్లో దానభావన:

1962 అక్టోబరులో క్యూబా క్షిపణుల సంక్షోభం ప్రపంచాన్ని అణుయుద్ధపు అంచుకు తీసుకువెళ్ళింది. ఆ తరువాత కొద్ది నెలలకే, 1963 ఏప్రిల్‌లో, పోపు 23వ జాన్ 'పాచెమ్ ఇన్ తెర్రిస్' వెలువరించాడు. సత్యం, న్యాయం, ప్రేమ, స్వేచ్ఛ అనే నాలుగు ఆధారాలపై శాంతి నిలుస్తుందని అందులో ప్రతిపాదించాడు. ఆ లేఖను కతోలికులకే పరిమితం చేయక, సద్భావన గల మనుషులందరినీ ఉద్దేశించి రాశాడు. అయితే అందులో ప్రధానస్వరం హక్కులది, విధులది; దానం ఇంకా ముందుకు రాలేదు.

1967లో 6వ పాల్ రాసిన 'పోపులోరుమ్ ప్రోగ్రెస్సియో' శాంతికి అభివృద్ధితో సమానార్థకత కల్పించింది. ఈ చర్చకు అత్యవసరమైన మరో అంశం కూడా అందులోనే ఉంది. 4వ శతాబ్దికి చెందిన మిలాన్ బిషప్ అంబ్రోజు బోధను ఆ లేఖ గుర్తుచేస్తుంది. పేదకు ఇచ్చేది దాత సొంత సొత్తు కాదనీ, పేదకు చెందినదాన్నే దాత తిరిగి అప్పగిస్తున్నాడనీ ఆ బోధ సారాంశం. భూమిపై ఉన్న సంపద అందరి కోసం ఉద్దేశించిందనే సూత్రానికి ఇది కొనసాగింపు. ఈ దృష్టిలో దానం బాకీ తీర్చడం అవుతుంది. దాతకు గొప్పతనం ఆపాదించే వీలు ఇక్కడ లేదు.

1987 నాటి 'సొల్లిసితూదో రేయ్ సోచియాలిస్'లో 2వ జాన్ పాల్ శాంతిని సంఘీభావపు ఫలంగా చూశాడు. 2008 ఆర్థిక సంక్షోభం తరువాత, 2009లో, 16వ బెనెడిక్ట్ వెలువరించిన 'కారితాస్ ఇన్ వెరితాతే' నిర్హేతుకతను సామాజిక సిద్ధాంతపు కేంద్రానికి తెచ్చింది. సమాజాన్ని మార్కెటు, రాజ్యం అనే రెండింటికే కుదించడం సరికాదని ఆ లేఖ వాదన. మార్కెటు ఇచ్చిపుచ్చుకోవడం మీద, రాజ్యం విధి మీద ఆధారపడతాయి. మనుషుల మధ్య నమ్మకాన్ని ఈ రెండూ వాడుకుంటాయే తప్ప సొంతంగా ఉత్పత్తి చేయలేవు. నమ్మకం పుట్టే చోటు దానమే. ఇటాలియన్ ఆర్థికవేత్త స్తెఫానో జమాగ్ని తదితరుల 'పౌర ఆర్థికశాస్త్ర' ఆలోచనాధోరణి ప్రభావం ఈ వాదనలో కనిపిస్తుంది. న్యాయాన్ని వదిలేసిన ప్రేమ ప్రేమే కాదని కూడా ఆ లేఖ హెచ్చరిస్తుంది.

2020లో ఫ్రాన్సిస్ 'ఫ్రతెల్లి తుత్తి' నిర్హేతుకతను వలసవచ్చినవారికి ఆశ్రయమివ్వడానికి అన్వయించింది. ఒక పనిని అది మంచిది కనుకనే, లాభం ఆశించకుండా చేయాలన్నది ఆ లేఖలోని వివరణ. అదే లేఖలోని 7వ అధ్యాయం శాంతినిర్మాణాన్ని చర్చిస్తుంది. క్షమించడమంటే బాధితుడు తన హక్కును వదులుకోవడం కాదనీ, మరచిపోవడం అంతకన్నా కాదనీ అక్కడ స్పష్టత ఉంది.

ఈ క్రమంలో ఒక విషయం గమనార్హం. నిర్హేతుకతను గురించిన చర్చ ప్రధానంగా ఆర్థికజీవితం, వలసల సందర్భంలో సాగింది; శాంతినిర్మాణాన్ని గురించిన చర్చ క్షమ, సత్యం, న్యాయం అనే మాటలతో సాగింది. ఈ రెండింటినీ కలిపే సూత్రం సూచనప్రాయంగానే మిగిలింది.

4. మానవశాస్త్రం లేవనెత్తే అభ్యంతరం:

ఫ్రెంచి మానవశాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925లో ప్రచురించిన దానవిషయక వ్యాసం ఈ చర్చకు గట్టి సవాలు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగి ఇవ్వడం అనే మూడు విధులూ కలిస్తేనే దానం పూర్తవుతుందని ఆయన నిరూపించబూనాడు. మొదటి ప్రపంచయుద్ధం నీడలో రాసిన ఆ వ్యాసం శాంతిని గురించిన ఆలోచనతోనే ముగుస్తుంది. సమూహాలు కత్తులు పక్కనపెట్టి ఇచ్చిపుచ్చుకోవడం నేర్చుకున్నప్పుడే సమాజం సాధ్యమైందని ఆయన భావన. మార్షల్ సాలిన్స్ 1972లో దీన్ని సామాజిక ఒడంబడికకు ప్రత్యామ్నాయంగా వ్యాఖ్యానించాడు. మోస్ వ్యాసానికి 1990లో వచ్చిన ఆంగ్లానువాదపు ముందుమాటలో మేరీ డగ్లస్ అసలు ఉచితదానమన్నదే లేదని వాదించింది. తిరిగి ఇవ్వనవసరం లేని దానం బంధాన్ని పెంచదన్నది ఆమె వాదన సారం.

మోస్ తన వ్యాసంలో మహాభారతంలోని అనుశాసనపర్వాన్ని ప్రధాన ఆధారాల్లో ఒకటిగా వాడుకున్నాడు. తిక్కన ఆనుశాసనికపర్వం ద్వారా ఆ దానధర్మచర్చ తెలుగు పాఠకులకు పరిచితమే. అయితే భారతీయ దానం మోస్ సూత్రానికి లొంగదని జొనాథన్ ప్యారీ 1986లో చూపాడు. శాస్త్రోక్తమైన దానానికి ఇహలోకంలో ప్రతిదానం ఉండకూడదు. దాతనుంచి విడిపోయిన పాపం గ్రహీతకు అంటుతుంది. తిలదానం పట్టడానికి వెనుకాడే తెలుగువారి ఆచారంలో ఈ భయం నేటికీ కనిపిస్తుంది. అంటే, ప్రతిదానానికి అవకాశం లేని దానం గ్రహీతపై బరువు మోపుతుందన్న ఎరుక ఈ సంప్రదాయంలోనే ఉంది.

ఫ్రెంచి తాత్త్వికుడు మార్సెల్ ఎనాఫ్ 2002లో ప్రచురించిన గ్రంథంలో ఈ చిక్కును విప్పే ఒక విభజన చేశాడు. రెండు సమూహాలు ఒకరినొకరు గుర్తించుకోవడానికి ఇచ్చిపుచ్చుకునేది ఒకరకం. ఏకపక్షంగా, ఉదారంగా ఇచ్చేది మరొక రకం. మొదటిదానిలో వస్తువు ముఖ్యం కాదు, ఎదుటివారిని సమానులుగా అంగీకరించడం ముఖ్యం. బోధనాలేఖల్లోని నిర్హేతుకత రెండో రకానికి చెందింది. శాంతికి కావలసింది మొదటిది. ఇదే అసలు సమస్య.

5. మొజాంబిక్ అనుభవం:

5.1 రోము చర్చలు: 1975లో పోర్చుగల్ నుంచి స్వాతంత్ర్యం పొందిన మొజాంబిక్‌లో ఫ్రెలిమో ప్రభుత్వానికీ రెనామో తిరుగుబాటుదారులకూ మధ్య 1977లో మొదలైన యుద్ధం 1992 దాకా సాగింది. రెనామోకు మొదట రొడీషియా, ఆ తరువాత వర్ణవివక్షా పాలనలోని దక్షిణాఫ్రికా అండగా నిలిచాయి. యుద్ధం, కరువు కలిసి సుమారు 10 లక్షలమందిని బలిగొన్నాయన్నది సాధారణంగా అంగీకరించిన అంచనా.

చర్చలకు వేదికైన సాంత్ ఎజీదియో సమాజాన్ని 1968లో ఆంద్రేయా రిక్కార్ది రోములో స్థాపించాడు. పేదలకు సేవ చేయడం దాని తొలి పని. 1980లలో కరువుకు గురైన మొజాంబిక్‌కు అది సహాయసామగ్రి పంపింది. ఆ పరిచయమే తరువాత మధ్యవర్తిత్వానికి దారితీసింది. 1990 జులైలో మొదలైన చర్చలు 27 నెలలు నడిచాయి. రిక్కార్ది, మత్తేయో జుప్పి, బేయ్రా ఆర్చిబిషప్ జైమే గొన్సాల్వెస్, ఇటలీ ప్రభుత్వం తరఫున మారియో రఫాయెల్లి మధ్యవర్తులుగా వ్యవహరించారు. 1992 అక్టోబరు 4న అధ్యక్షుడు జొయాకిమ్ షిస్సానో, రెనామో నాయకుడు అఫోన్సో ధ్లకామా ఒప్పందంపై సంతకాలు చేశారు.

ఇక్కడ సాంత్ ఎజీదియో ఇచ్చింది ప్రధానంగా చోటు, కాలం, ఓర్పు. బెదిరించడానికి దాని దగ్గర సైన్యం లేదు. ఈ మేరకు నిర్హేతుకదానానికి ఇది మంచి ఉదాహరణ. అయితే శాంతికి పునాది వేసింది ఆ దానం ఒక్కటే కాదు. మొదటి సమావేశం ముగిసినప్పుడు వెలువడిన ఉమ్మడి ప్రకటనలో ఇరుపక్షాలూ తాము ఒకే మొజాంబిక్ కుటుంబానికి చెందిన స్వదేశీయులమని అంగీకరించాయి. అప్పటిదాకా ప్రభుత్వం రెనామోను బందిపోట్లగానే పరిగణించింది. ఆ గుర్తింపును ఒకరిచ్చారు, మరొకరు తిరిగి ఇచ్చారు. మూడోపక్షపు ఏకపక్షదానం చేసిన మేలు ఈ పరస్పరదానానికి చోటు కల్పించడమే.

5.2 నిధులు: ఒప్పందం అమలులో దానం మరో రూపం తీసుకుంది. రెనామోను రాజకీయపక్షంగా మార్చడానికి ఐక్యరాజ్యసమితి ఒక ప్రత్యేకనిధిని ఏర్పాటుచేసింది. ఇటలీ అందులో ప్రధానదాత. అడవిలోని సైనికసంస్థ ఎన్నికల్లో పోటీచేయాలంటే కార్యాలయాలు, జీతాలు, వాహనాలు అవసరమన్న మాట నిజం. ఆ డబ్బు యుద్ధం మళ్ళీ మొదలుకాకుండా అడ్డుకుందన్నదీ కొట్టిపారేయదగినది కాదు. అయినా స్వభావరీత్యా అది వెల. తుపాకి దించినందుకు చెల్లించినది. వెల చెల్లించాక సంబంధం ముగుస్తుంది.

1994 అక్టోబరు ఎన్నికల్లో 250 స్థానాల పార్లమెంటులో ఫ్రెలిమోకు 129, రెనామోకు 112 స్థానాలు దక్కాయి. రెనామోకు ఎక్కువ ఓట్లు వచ్చిన మధ్య, ఉత్తర రాష్ట్రాలకు కూడా గవర్నర్లను కేంద్రంలోని ఫ్రెలిమో ప్రభుత్వమే నియమించింది. రోములో ఇచ్చిపుచ్చుకున్న గుర్తింపు పాలనావ్యవస్థలోకి రాలేదు. 2013లో మళ్ళీ ఘర్షణలు చెలరేగడానికి ఎన్నికల చట్టాలతోనూ, సైన్యంలో, పాలనలో వాటాతోనూ ముడిపడిన ఫిర్యాదులే కారణమయ్యాయి. 2014లో ఒక ఒప్పందం, 2019 ఆగస్టులో మరో ఒప్పందం అవసరమయ్యాయి. రాష్ట్ర గవర్నర్లను ఎన్నికల ద్వారా ఎంచుకునే ఏర్పాటు తొలి ఒప్పందానికి పాతికేళ్ళ తరువాతగాని రాలేదు.

5.3 ఆయుధాలకు పనిముట్లు: 1995లో మొజాంబిక్ క్రైస్తవ మండలి ఆంగ్లికన్ బిషప్ దినిస్ సెంగులానే నాయకత్వంలో ఒక పథకం చేపట్టింది. ఇది కతోలిక సంస్థ కాదు. అయినా పోలిక కోసం ఈ పథకం ఎంతో ఉపయోగపడుతుంది. దాచిపెట్టిన తుపాకులను తెచ్చి ఇచ్చినవారికి సైకిళ్ళు, కుట్టుమిషన్లు, వ్యవసాయ పనిముట్లు ఇచ్చేవారు. సేకరించిన ఆయుధాలను నిర్వీర్యం చేసి, వాటి ముక్కలతో మపూతో కళాకారులు శిల్పాలు రూపొందించారు. 2001లో కెస్టర్ అనే కళాకారుడు చేసిన 'ఆయుధాల సింహాసనం' ప్రస్తుతం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

పైకి చూస్తే ఇది మారకం, నిర్హేతుకత లేదు. కాని గ్రహీత ఇక్కడ చేయిచాచి నిలబడలేదు. తానూ ఒకటి ఇచ్చాడు. ఆ ఇచ్చింది పొరుగువారి భద్రత. కుట్టుమిషను తీసుకుని వెళ్ళినవాడు ఎవరికీ ఋణపడలేదు. నిధుల ఉదంతంలో నాయకులకు అందిన డబ్బుకన్నా, ఈ చిన్న మారకంలో గ్రహీత గౌరవం ఎక్కువగా నిలిచింది. నిర్హేతుకమైనది ఉన్నతం, మారకం దానికన్నా తక్కువ అనే అంతస్తుల విభజన శాంతినిర్మాణంలో చెల్లదని ఈ ఉదాహరణ తెలుపుతుంది.

5.4 క్షమాభిక్ష: లాటిన్‌నుంచి వచ్చిన యూరప్ భాషల్లో క్షమించడం అనే మాటలోనే 'ఇవ్వడం' ఉంది. ఇటాలియన్ 'పెర్దోనో', పోర్చుగీసు 'పెర్దావ్' రెండూ అలాంటివే. తెలుగులోని 'క్షమ'కు ఓర్పు మూలార్థం. దానభావన 'క్షమాభిక్ష', 'క్షమాదానం' అనే సమాసాల్లో వచ్చి చేరింది. ఎవరు భిక్ష పెట్టారు, ఎవరి సొత్తునుంచి పెట్టారు అన్న ప్రశ్న ఈ సమాసాల్లో సహజంగానే తలెత్తుతుంది.

ఒప్పందం కుదిరిన కొద్దిరోజులకే మొజాంబిక్ పార్లమెంటు క్షమాభిక్ష చట్టం చేసింది. యుద్ధకాలపు నేరాలపై విచారణ గాని, సత్యశోధన సంఘం గాని ఏర్పడలేదు. న్యాయం లేనిదే శాంతి లేదనీ, క్షమ లేనిదే న్యాయం లేదనీ 2002 ప్రపంచశాంతి దినోత్సవ సందేశంలో 2వ జాన్ పాల్ నొక్కిచెప్పాడు. మొజాంబిక్‌లో ఈ రెండింటిలో ఒకటే అమలైంది. అది కూడా గాయపడినవారు ఇచ్చింది కాదు; గాయపరచిన పక్షాలు ఒకరికొకరు ఇచ్చుకున్నది.

దాని ఫలితాన్ని మొజాంబిక్ పరిశోధకుడు విక్టర్ ఇగ్రేజా గొరొంగోజా ప్రాంతంలో చేసిన అధ్యయనాలు నమోదుచేశాయి. యుద్ధంలో చనిపోయిన సైనికుల ఆత్మలు 'గంబా' పేరుతో మనుషులను ఆవహించి, జరిగిన అన్యాయాన్ని పైకి చెప్పించేవి. బాధ్యుల కుటుంబాలు దాన్ని ఒప్పుకుని పరిహారం చెల్లించాలని కోరేవి. చట్టం మూసిన నోటిని పూనకం తెరిచింది. ఒప్పుకోలు, పరిహారం, తిరిగి కలవడం అనే ఈ క్రమం మోస్ చెప్పిన విధుల వలయాన్ని తలపిస్తుంది. బాధితులు క్షమకు వ్యతిరేకులు కారు. తమకు చెందిన క్షమను తామే ఇచ్చే అవకాశాన్ని వారు కోరారు.

6. విమర్శ:

పై పరిశీలననుబట్టి బోధనాలేఖల దానభావనలోని బలం, బలహీనత రెండూ స్పష్టమవుతాయి. షరతులమీదనే శాంతిని కట్టలేమని గుర్తించడం దాని బలం. అవిశ్వాసం నిండిన చోట తొలి అడుగు లెక్కలకు అందనిదై ఉండాలి. రోము చర్చలు దీన్ని రుజువుచేశాయి.

దాత మనసును గురించి లోతుగా ఆలోచించినంతగా గ్రహీత స్థితిని గురించి ఆలోచించకపోవడం దాని బలహీనత. ఈ విమర్శకు కతోలిక పక్షంనుంచి సమాధానం లేకపోలేదు. సహాయం గ్రహీతను కించపరచకూడదని బెనెడిక్ట్ 2005లోనే 'దేయుస్ కారితాస్ ఎస్త్'లో హెచ్చరించాడు. పరాధీనతను పెంచే సహాయం తగదని 'కారితాస్ ఇన్ వెరితాతే' చెప్పింది. పరస్పరత అనే మాటనూ ఉపయోగించింది. అయితే మొదటి హెచ్చరిక దాతకు ఉండవలసిన వినయంగానే రూపొందింది. దాత వినయం గ్రహీత హక్కుకు ప్రత్యామ్నాయం కాజాలదు. వినయవంతుడైన దాత కూడా ఏమి ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో తానే నిర్ణయిస్తాడు.

ఈ లోటును పూరించే సామగ్రి ఆ సంప్రదాయంలోనే ఉండడం విశేషం. దానాన్ని బాకీ తీర్చడంగా చూసిన అంబ్రోజు బోధ మొదటిది. కింది సమూహం చేసుకోగల పనిని పైవ్యవస్థ లాక్కోకూడదని 1931 నాటి 'క్వద్రజేసిమో అన్నో' ప్రతిపాదించిన సూత్రం రెండోది. శాంతిని ప్రభుత్వాల మధ్య ఒప్పందాలకే పరిమితం చేయక, దెబ్బతిన్న ప్రజల గొంతు వినాలని 'కారితాస్ ఇన్ వెరితాతే' చేసిన సూచన మూడోది. ఈ మూడింటినీ నిర్హేతుకతతో కలిపి చదివితే దాత స్థానం మారుతుంది. అప్పుడు దాత చేసే పని ఔదార్యం కాదు. ఎదుటివారు కూడా ఇవ్వగలిగే స్థితిని పునరుద్ధరించడం.

7. ముగింపు:

ఈ వ్యాసం తేల్చిన అంశాలు:

1. కతోలిక సామాజిక చింతనలో నిర్హేతుకతా చర్చ, శాంతినిర్మాణ చర్చ చాలావరకు సమాంతరంగా సాగాయి. వాటిని కలిపే సూత్రం ఇంకా పూర్తిగా రూపొందలేదు.

2. ప్రతిఫలం కోరకపోవడం సుగుణం. ప్రతిదానానికి చోటివ్వకపోవడం ఆధిపత్యం. మొదటిదాన్ని కీర్తించేటప్పుడు రెండోదానిపట్ల జాగ్రత్త అవసరం.

3. మొజాంబిక్‌లో మూడోపక్షపు ఏకపక్షదానం పరస్పర గుర్తింపుకు దారితీసినప్పుడు ఫలించింది. ఆ గుర్తింపు పాలనలో వాటాగా మారనందువల్ల శాంతి మళ్ళీ మళ్ళీ బీటలువారింది.

4. క్షమను దానంగా భావిస్తే, దాన్ని ఇచ్చే అధికారం గాయపడినవారికే ఉంటుంది. వారి తరఫున రాజ్యం చేసే క్షమాదానం ఇతరుల సొత్తును దానం చేయడంతో సమానం.

కుటుంబాల మధ్య బంధుత్వం నిలవాలంటే చదివింపులు ఒకవైపునుంచే సాగితే చాలదని తెలుగు సమాజానికి తెలుసు. పుస్తకంలో ఒకే ఇంటిపేరు దాతగా మిగిలిపోతే, రెండో ఇల్లు క్రమంగా రాకపోకలు మానుకుంటుంది. యుద్ధం ముగిసిన దేశాలకు చేసే సహాయాన్ని అంచనా వేసేటప్పుడు ఎంత ఇచ్చారన్నదానితోపాటు, పుచ్చుకున్నవారికి తిరిగి ఇచ్చే వీలు ఎంతవరకు కల్పించారన్నదీ కొలమానం కావాలి.